బటన్లు బాదడం నుంచి బరి దాకా

టెక్కెన్ 3 పేరు వినని హాస్టల్ ఉండదు. 1998లో ప్లేస్టేషన్‌కి వచ్చిన ఆ ఆట మనలో చాలామంది కంటే వయసులో పెద్దది. ఎడ్డీని తీసుకుని కిక్ బటన్లు టకటకా బాదితే చాలు, "ఏందిరా, లేవనీకుండా కొడతాండాడు!" అని పక్కోడు మొత్తుకుంటాడు. అదే పద్ధతితో టెక్కెన్ 8 ర్యాంక్ మ్యాచ్‌లకి వెళ్తే మాత్రం వరసగా ఓడిపోతాం. నేను జూనియర్లకి నేర్పేటప్పుడు ఎందుకిలా అవుతుందో ముందు లెక్కతోనే చెప్తాను.

1. ఫ్రేముల లెక్క

ఆట సెకనుకి 60 ఫ్రేములు నడుస్తుంది. అంటే ఒక ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లు. టెక్కెన్‌లో చాలా క్యారెక్టర్ల జాబ్ 10 ఫ్రేముల్లో తగులుతుంది, అంటే దాదాపు 167 మిల్లీసెకన్లు. కంటితో చూసి వేలు కదపడానికి మనిషికి సాధారణంగా 200 పైనే పడుతుంది. కాబట్టి జాబ్‌ని చూసి ఆపలేం, ముందే ఊహించాలి.

రెండోది అప్పు. మన దెబ్బని అవతలివాడు బ్లాక్ చేస్తే చాలాసార్లు మనం కొన్ని ఫ్రేములు వెనకబడతాం. ఆ అప్పు 10 ఫ్రేములైతే వాడి జాబ్ మనకి తగిలి తీరుతుంది, బ్లాక్ చేసే టైమ్ కూడా ఉండదు. దీన్నే పనిష్ అంటారు. బటన్లు బాదేవాడు ఎంత అప్పు చేస్తున్నాడో చూసుకోడు. తెలిసినవాడు బ్లాక్ చేసి వసూలు చేసుకుంటాడు.

2. ప్రాక్టీస్

ఒక్క క్యారెక్టర్‌నే పట్టుకోండి. వంద మూవ్‌లు బట్టీ పట్టకండి. 10, 12, 15 ఫ్రేముల పనిష్‌లు ఒక్కోటి నేర్చుకోండి. ప్రాక్టీస్ మోడ్‌లో డమ్మీకి ఒక మూవ్ రికార్డ్ చేసి, బ్లాక్ చేసి కొట్టండి. టెక్కెన్ 8లో ఓడిన మ్యాచ్ రీప్లేని మధ్యలో ఆపి, అక్కడినుంచి మళ్లీ మనమే ఆడి చూడొచ్చు. ఇంత మంచి ట్యూషన్ బయట దొరకదు. ఆన్‌లైన్‌కి వైఫై కంటే లాన్ కేబుల్ మేలు.

3. జట్టు

"చంద్రగిరిలో కూర్చుని ఎంత ఆడినా ఏం లాభం?" అని అడిగేవాళ్లున్నారు. లాహోర్ కుర్రాడు అర్స్లాన్ యాష్ సంగతి చూడండి. వీసా, ప్రయాణం కష్టాలు దాటుకుని 2019లో ఎవో జపాన్ గెలిచాడు, అదే ఏడాది లాస్ వేగాస్ ఎవోలో కొరియా దిగ్గజం నీని ఫైనల్లో ఓడించాడు. తమ దేశంలో గట్టి ఆటగాళ్లు ఇంకా ఉన్నారని కూడా చెప్పాడు. తర్వాత అదే దేశం నుంచి ఆతిఫ్ బట్ వరల్డ్ టూర్ ఫైనల్స్ గెలిచి ఆ మాట నిజం చేశాడు. అక్కడ వాళ్లు ఒకరితో ఒకరు ఆడుకునే పదునెక్కారు.

మనమూ అంతే చెయ్యొచ్చు. చంద్రగిరి నుంచి తిరుపతి దాకా ఎన్ని హాస్టళ్లు లేవు! ఆదివారం నలుగురు కలిసి, ముందు పది గెలిచినవాడిదే సెట్ అని ఆడండి. అయ్యాక ఏ మూవ్‌తో కొట్టారో ఓడినవాడికి చెప్పండి. ట్రిక్కు దాచుకుంటే రేపు మీకు గట్టి పోటీ ఇచ్చేవాడే ఉండడు.

4. తొందర లేదు

2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5 పతకాల ఆట. మన దేశం తరఫున మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ ఆడారు. స్వర్ణం గెలిచిన కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్‌వూకి అప్పటికి 44 ఏళ్లు. కాబట్టి బ్యాక్‌లాగ్స్ పెట్టుకుని రాత్రంతా ఆడక్కర్లేదు. రోజుకి అరగంట చాలు, కానీ ఆ అరగంటలో ఏం నేర్చుకోవాలో ముందే అనుకుని కూర్చోండి. ఈ వారానికి ఒక్కటే పని: మిమ్మల్ని ఎక్కువసార్లు ఓడించిన మూవ్ ఏదో రీప్లేలో పట్టుకుని, దాని పనిష్ నేర్చుకోండి.