మెదడు చిత్రంలో నాడుల జాడ

పాఠం ఉద్దేశం

శాస్త్ర విషయాలను మాతృభాషలో చదివి అర్థం చేసుకోవడం, చెప్పడం విద్యార్థులకు అలవడాలి. మన ముఖంలోని చూపు, నవ్వు, రుచి, వినికిడి మొదలైన వాటన్నింటికీ ఆధారమైన కపాల నాడులను ఎం.ఆర్.ఐ. చిత్రాలలో వైద్యులు ఎలా గుర్తిస్తారో, ఆ గుర్తింపు రోగి జీవితాన్ని ఎలా మార్చగలదో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

చెంప మీద చల్లగాలి సోకినా, పళ్ళు తోముకున్నా, ముద్ద నమిలినా మెరుపు మెరిసినట్లు భరించరాని నొప్పి. కొన్ని క్షణాలే ఉంటుంది. కానీ మళ్ళీ మళ్ళీ వస్తుంది. అది పంటి నొప్పే అనుకొని ఒక పన్ను పీకించుకొనేవారున్నారు. నొప్పి తగ్గక రెండవ పన్ను, మూడవ పన్ను పోగొట్టుకొన్నవారూ ఉన్నారు. నిజానికి దోషం పంటిది కాదు. ముఖ స్పర్శను మెదడుకు చేరవేసే త్రిధార నాడి, మెదడులోనికి ప్రవేశించే చోట ఒక రక్తనాళం ఆ నాడిని ఒరుసుకొంటూ ఉండటమే చాలామందిలో ఈ బాధకు మూలం. నొప్పి తెలిసేది దవడలో, కారణం ఉండేది కపాలం లోపల! 1930లలో వాల్టర్ డాండీ అనే అమెరికన్ శస్త్రవైద్యుడు ఈ ఒరపిడిని శస్త్రచికిత్సల సమయంలో గమనించాడు. కపాలాన్ని తెరవకుండానే ఆ చోటును కళ్ళారా చూసే సాధనం నేడు మనకున్నది. అదే ఎం.ఆర్.ఐ.

పన్నెండు జతలు

మెదడు నుంచి నేరుగా బయలుదేరి తల, మెడ భాగాలకు, కొంతమేర ఛాతీకి, ఉదరానికి చేరే నాడులను కపాల నాడులంటారు. ఇవి పన్నెండు జతలు. ఈ లెక్క ఒక్కనాడు తేలింది కాదు. క్రీ.శ. రెండవ శతాబ్దానికి చెందిన గేలెన్ వీటిని ఏడు జతలుగా లెక్కించాడు. 1664లో థామస్ విల్లిస్ అనే ఆంగ్ల వైద్యుడు మెదడు నిర్మాణంపై రాసిన గ్రంథంలో తొమ్మిది జతలుగా చూపాడు. 1778లో జర్మనీకి చెందిన సోమరింగ్ పన్నెండు జతల వరుసను నిర్ణయించాడు. ఆ వరుసనే నేటికీ ప్రపంచమంతటా పాటిస్తున్నారు.

వరుసగా అవి: ఘ్రాణ నాడి, దృక్ నాడి, నేత్రచాలక నాడి, ట్రోక్లియర్ నాడి, త్రిధార నాడి, అబ్డ్యుసెన్స్ నాడి, ముఖనాడి, శ్రవణ నాడి, జిహ్వాగ్రసని నాడి, వాగస్ నాడి, అనుబంధ నాడి, అధోజిహ్వ నాడి. ఈ పేర్లలోనే వాటి స్వభావం దాగి ఉన్నది. లాటిన్ భాషలో ట్రోక్లియా అంటే గిలక. ఈ నాడి కదిలించే కండరం, బావి గిలక మీదుగా చేద తాడు సాగినట్లు, కంటిగూటిలోని ఒక చిన్న ఉంగరం గుండా సాగుతుంది. వాగస్ అంటే సంచారి. మెడ దాటి గుండెను, ఊపిరితిత్తులను, జీర్ణాశయాన్ని పలకరించే నాడికి ఆ పేరు తగినదే.

ఇవి బయలుదేరే చోట్లను గుర్తుంచుకోవడానికి ఒక చిన్న లెక్క ఉన్నది: రెండు, రెండు, నాలుగు, నాలుగు. మొదటి రెండు జతలు ముందు మెదడుకు చెందినవి. తరువాతి రెండు మధ్య మెదడువి. ఆపై నాలుగు, అంటే అయిదు నుంచి ఎనిమిది వరకు, పాన్స్ నుంచి గాని, పాన్స్ మజ్జాముఖాలు కలిసే గీటు నుంచి గాని వెలువడతాయి. చివరి నాలుగు మజ్జాముఖానికి చెందినవి. అయితే పదకొండవ నాడిలో ప్రధాన భాగం మెడలోని వెన్నుపాము నుంచి పైకి ఎక్కి వస్తుంది. ఈ లెక్క తెలిసినవారికి చిత్రంలో ఏ ఎత్తున ఏ నాడిని వెతకాలో సగం తెలిసినట్లే.

చిత్రం పుట్టే తీరు

ఎం.ఆర్.ఐ. అంటే అయస్కాంత అనునాద చిత్రణ. ఎక్స్-రే వలె ఇది కిరణాలను శరీరం గుండా పంపి తీసే ఛాయాచిత్రం కాదు. మన దేహంలో అధికభాగం నీరు. నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు చిన్న అయస్కాంతాల వలె ప్రవర్తిస్తాయి. బలమైన అయస్కాంత క్షేత్రంలో రోగిని పడుకోబెట్టినప్పుడు వాటిలో స్వల్పమైన ఆధిక్యం ఒకే దిశకు ఏర్పడుతుంది. అప్పుడు రేడియో తరంగాలను పంపితే అవి ఆ దిశ నుంచి ఒరుగుతాయి. తరంగాలను ఆపగానే తిరిగి యథాస్థితికి వస్తూ సన్నని సంకేతాలను వెలువరిస్తాయి. అలా తిరిగి రావడానికి పట్టే కాలం కొవ్వులో ఒక రకంగా, నీటిలో మరొక రకంగా, కణితిలో వేరొక రకంగా ఉంటుంది. ఆ తేడాయే చిత్రంలో నలుపుతెలుపులుగా రూపుదాలుస్తుంది.

ఈ అనునాద ధర్మాన్ని 1946లో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ వేర్వేరుగా నిరూపించి, 1952లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందారు. దానితో చిత్రాన్ని నిర్మించే మార్గాన్ని 1973లో పాల్ లాటర్బర్ చూపాడు. పీటర్ మాన్స్‌ఫీల్డ్ ఆ విధానానికి గణితబలాన్ని, వేగాన్ని చేకూర్చాడు. వీరిద్దరికీ 2003లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆసుపత్రులలో సాధారణంగా 1.5 లేదా 3 టెస్లాల యంత్రాలు ఉంటాయి. 1.5 టెస్లాల క్షేత్రం భూమి అయస్కాంత క్షేత్రం కన్నా వేల రెట్లు బలమైనది. కనుకనే దేహంలో లోహపు తునకలు, గుండెకు అమర్చిన పేస్‌మేకర్ వంటివి ఉన్నవారు ముందుగానే ఆ సంగతి చెప్పి తీరాలి.

నలుపుతెలుపుల లిపి

ఒక భాషను చదవాలంటే ముందు లిపి నేర్వాలి. మెదడు చిత్రాన్ని చదవడానికీ కొన్ని అక్షరాలు తెలియాలి. మొదటిది దిక్కు. రోగి పాదాల వైపు నిలిచి పైకి చూస్తున్నట్లుగా అడ్డుకోత చిత్రాన్ని అమరుస్తారు. అందువల్ల చిత్రంలో మన ఎడమ చేతి వైపు కనిపించేది రోగి కుడి పక్క. రెండవది కోత. వృక్షశాస్త్రంలో కాండానికి అడ్డుకోత, నిలువుకోత చూసినట్లే ఇక్కడ అడ్డుకోతతోపాటు, ముఖానికి సమాంతరంగా ఒకటి, ముక్కు మీదుగా ముందు వెనుకలకు ఒకటి, రెండు విధాల నిలువుకోతలు ఉంటాయి.

మూడవది వర్ణం. టి-2 రకం చిత్రంలో నీరు తెల్లగా మెరుస్తుంది. మెదడు చుట్టూ మస్తిష్కమేరు ద్రవం నిండి ఉంటుంది. ఆ ద్రవాన్ని దాటుకొంటూ పోయే నాడులు తెల్లని నీటిలో నల్లని దారాల వలె కనిపిస్తాయి. సాధారణ చిత్రంలో ఒక్కొక్క కోత మందం సుమారు 5 మిల్లీమీటర్లు. నాడులు అంతకన్న సన్ననివి కాబట్టి కోతల నడుమ మాయమవుతాయి. అందుకని నాడుల కోసం 1 మిల్లీమీటరు కన్నా తక్కువ మందం గల ప్రత్యేక చిత్రాలు తీస్తారు. యంత్ర నిర్మాతలు వీటికి సిస్, ఫియెస్టా వంటి పేర్లు పెట్టారు.

ఇక్కడొక చిక్కున్నది. ఈ చిత్రంలో ధమని కూడా నల్లని గీతగానే కనిపించవచ్చు. ఏది నాడి, ఏది రక్తనాళం? గీతను ఒక్క కోతలో చూసి తీర్పు చెప్పరాదు. కోత వెనుక కోతగా దాని వెంట నడవాలి. ఒక చివర మెదడు కాండాన్ని చేరి, మరొక చివర కపాలపు రంధ్రంలోనికి వెళితే అది నాడి. పెద్ద ధమని నుంచి కొమ్మగా చీలితే అది రక్తనాళం. ఏటిని గుర్తించాలంటే దాని పుట్టుక, సంగమం రెండూ చూడాలి కదా!

పై నుంచి కిందికి

ఘ్రాణ నాడిని ముఖానికి సమాంతరమైన నిలువుకోతలో, ముక్కు పైకప్పు మీద రెండు చిన్న మొగ్గలుగా చూడవచ్చు. దృక్ నాడులు లావైనవి. రెండు కళ్ళ నుంచి వెనుకకు వచ్చి పీయూష గ్రంథి పైన అడ్డంగా కలుస్తాయి. ఆ గ్రంథిలో కణితి పెరిగితే ఈ కూడలిని నొక్కి, రెండు పక్కల చూపును హరిస్తుంది.

నేత్రచాలక నాడి మధ్య మెదడు ముందువైపు నుంచి వెలువడి రెండు ధమనుల నడుమగా సాగుతుంది. దీని పక్కనే ఉన్న ధమని బుడగ వలె ఉబ్బితే నాడి నలుగుతుంది. రెప్ప వాలిపోయి కంటిపాప పెద్దదవుతుంది. ఉబ్బిన ధమని పగిలితే ప్రాణాపాయం. అందుచేత హఠాత్తుగా ఇలా జరిగితే అది అత్యవసర స్థితి. మెదడు కాండం వెనుకవైపు నుంచి బయటికి వచ్చే ఏకైక నాడి ట్రోక్లియర్. ఇదే అన్నింటిలో సన్ననిది. మంచి చిత్రంలోనూ ఒక్కొక్కసారి దొరకదు.

అన్నింటిలో లావైనది త్రిధార నాడి. పాన్స్ నడిమి భాగపు అడ్డుకోతలో రెండు పక్కల నుంచి ముందుకు చాచిన చేతుల వలె స్పష్టంగా కనిపిస్తుంది. కనుక వైద్యులు తరచు దీనినే మైలురాయిగా ఎంచుకొని మిగిలిన నాడులను వెతుకుతారు. పాన్స్ కింది అంచు నుంచి అబ్డ్యుసెన్స్ నాడి ముందుకు, పైకి సాగిపోతుంది. కంటిని బయటి వైపుకు తిప్పేది ఇదే. తలలో పీడనం పెరిగితే, వ్యాధి వేరొకచోట ఉన్నా, ఈ నాడి దెబ్బతిని చూపు రెండుగా కనిపించవచ్చు. కాబట్టి కన్ను చూపిన లక్షణాన్ని బట్టి దోషం అక్కడే ఉన్నదనుకోవడం పొరపాటు.

మజ్జాముఖం పక్క నుంచి వెలువడే తొమ్మిది, పది, పదకొండు నాడులు ఒకే రంధ్రం గుండా బయటికి పోతాయి. వాటిని విడివిడిగా గుర్తించడం నిపుణులకూ కష్టమే. పన్నెండవది వాటికి ముందువైపు నుంచి పుట్టి తనదైన కాలువ గుండా నాలుకను చేరుతుంది.

చెవి కాలువలో నాలుగు చుక్కలు

ముఖనాడి, శ్రవణ నాడి జంటగా పాన్స్ అంచు నుంచి వెలువడి, రైలు పట్టాల వలె పక్కపక్కనే సాగి, లోపలి చెవి ఎముక కాలువలో ప్రవేశిస్తాయి. ఆ కాలువను దాని పొడవుకు అడ్డంగా కోసి చూస్తే నాలుగు చుక్కలు కనిపిస్తాయి. ముందు పైన ముఖనాడి, ముందు కింద వినికిడి నాడి, వెనుక పైన ఒకటి, కింద ఒకటి దేహపు సమతౌల్యాన్ని తెలిపే నాడులు.

ఈ నాలుగు చుక్కలలో ముందు కింది చుక్క ఒక పసిబిడ్డ భవిష్యత్తును నిర్ణయించవచ్చు. పుట్టుచెవుడు గల బిడ్డకు కాక్లియర్ ఇంప్లాంట్ అనే పరికరాన్ని అమరిస్తే అది ధ్వనిని విద్యుత్ సంకేతంగా మార్చి వినికిడి నాడికి అందిస్తుంది. అందుకొనే నాడి ఉండాలి కదా! అది లేకుంటే దీపం ఉన్నా తీగ లేని ఇంటి వలె పరికరం నిరుపయోగం కావచ్చు. అందువల్ల శస్త్రచికిత్సకు ముందే బిడ్డను నిద్రపుచ్చి ఎం.ఆర్.ఐ. తీసి ఆ చుక్క కోసం వెతుకుతారు. నాడి లేదని తేలితే నేరుగా మెదడు కాండానికి సంకేతాలు పంపే పరికరం గురించి, సైగల భాష గురించి తల్లిదండ్రులతో మాట్లాడతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకంలో ఈ శస్త్రచికిత్సకు చోటు కల్పించడంతో ఎందరో పేద కుటుంబాల పిల్లలకు శబ్దలోకం పరిచయమయింది. మాట నేర్చే వయసు దాటకముందే వినికిడి అందడం ముఖ్యం. ఆలస్యమయితే విన్న శబ్దం మాటగా మారడం కష్టమవుతుంది.

చూపు, వివేకం

మొదట చెప్పుకొన్న చెంప నొప్పి దగ్గరకు మళ్ళీ వద్దాం. చిత్రంలో త్రిధార నాడిని రక్తనాళం తాకుతున్నట్లు కనిపించినంత మాత్రాన శస్త్రచికిత్సకు తొందరపడరు. ఏ నొప్పీ లేనివారిలోనూ అటువంటి తాకిడి కనిపిస్తుంది. నొప్పి తీరు, రోగి చెప్పిన మాట, వైద్యుని పరీక్ష, చిత్రం ఇవన్నీ ఒకే దారి చూపాలి. మొదట మందులు వాడి చూస్తారు. అవి ఫలించకపోతే నాడికి, రక్తనాళానికి నడుమ చిన్న మెత్తను ఉంచే శస్త్రచికిత్స ఉన్నది. 1960ల చివర పీటర్ జానెట్టా సూక్ష్మదర్శిని సహాయంతో ఈ పద్ధతిని తీర్చిదిద్దాడు.

యంత్రం చూపగలదు, నిర్ణయించలేదు. దారమంత నాడిని గుర్తించే చూపు, ఆ నాడి వెనుక ఉన్న మనిషి మాట వినే ఓర్పు, రెండూ కలిసినప్పుడే అది వైద్యమవుతుంది. ఒక పన్ను అనవసరంగా ఊడకుండా, ఒక బిడ్డ చెవికి అమ్మ పిలుపు చేరేలా చేయగలిగేది ఆ కలయికే.

పదాలు - అర్థాలు

కపాలం: పుర్రె
అనునాదం: బయటి కంపనానికి అనుగుణంగా స్పందించడం
ఘ్రాణం: వాసన చూడటం
దృక్కు: చూపు
గ్రసని: నోటి వెనుక ఉండే గొంతు భాగం
మజ్జాముఖం: వెన్నుపాముకు పైన ఉండే మెదడు భాగం
సమతౌల్యం: తూలిపోకుండా నిలదొక్కుకొనే స్థితి
నిరుపయోగం: పనికిరానిది

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ఎం.ఆర్.ఐ. చిత్రంలో కపాల నాడులను గుర్తించే పద్ధతిని వివరించండి.
2. నాడుల గుర్తింపు రోగుల జీవితాలకు ఎలా ఉపకరిస్తుందో పాఠం ఆధారంగా రాయండి.

ఆ) సంగ్రహ సమాధానాలు రాయండి.
1. కపాల నాడుల లెక్క కాలక్రమంలో ఎలా మారింది?
2. చిత్రంలో నాడిని, రక్తనాళాన్ని ఎలా వేరు చేస్తారు?
3. చెవి కాలువలోని నాలుగు చుక్కలు వేటిని సూచిస్తాయి?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. అందుకొనే నాడి ఉండాలి కదా!
2. యంత్రం చూపగలదు, నిర్ణయించలేదు.

ఈ) సంధులు, సమాసాలు
అత్యవసరం: అతి + అవసరం, యణాదేశ సంధి
ప్రాణాపాయం: ప్రాణ + అపాయం, సవర్ణదీర్ఘ సంధి
ఏకైక: ఏక + ఏక, వృద్ధి సంధి
ముఖనాడి: ముఖం యొక్క నాడి, షష్ఠీ తత్పురుష సమాసం
నలుపుతెలుపులు: నలుపును, తెలుపును, ద్వంద్వ సమాసం