పక్క బెంచీకి పాఠం పంపడానికి ఇంటర్నెట్ ఎందుకు?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వేతో పాటు పెరిగిన ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడి రైల్వే కాలనీల్లో కనిపిస్తాయి. 2003లో ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే కేంద్రం. 1983లో మొదలై, 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం కూడా ఇక్కడే ఉంది. ఇలాంటి ఊళ్లో చదువుకునే విద్యార్థికి ఫోనే పుస్తకం, ఫోనే గ్రంథాలయం.

ఒక తరగతిలో 64 మంది ఉన్నారనుకుందాం. అధ్యాపకుడు 300 మెగాబైట్ల వీడియో పాఠం చూడమన్నారు. ఎవరికి వారు దించుకుంటే మొత్తం 19.2 గిగాబైట్లు ఖర్చవుతాయి. ఒకే పాఠం ఎక్కడో ఉన్న సర్వర్ నుంచి అదే టవర్ మీదుగా 64 సార్లు ప్రయాణిస్తుంది. ఆ రోజు డేటా అయిపోయినవారు, సిగ్నల్ సరిగా అందని గదిలో ఉన్నవారు వెనకబడతారు. ఒక్కరు దించుకుని మిగిలినవారికి ఫోన్ నుంచి ఫోన్‌కు పంపితే ఇంటర్నెట్ మీద పడే భారం 300 మెగాబైట్లే.

ఫోన్లు ఒకదాన్నొకటి ఎలా గుర్తిస్తాయి?

ఈ పనిలో రెండు రేడియోలు చేయి కలుపుతాయి. మొదటిది బ్లూటూత్. తక్కువ విద్యుత్తుతో పనిచేసే దీని కొత్త రూపం 'నేను ఇక్కడున్నాను' అంటూ చిన్న చిన్న సంకేతాలు పంపుతుంది. అవతలి ఫోన్ వాటిని పసిగట్టి, యజమాని అనుమతి ఇచ్చాక, అసలు ఫైలును మోసే బాధ్యత వైఫైకి అప్పగిస్తుంది. వైఫై డైరెక్ట్ పద్ధతిలో రెండు ఫోన్లలో ఒకటి తాత్కాలికంగా రూటర్ పాత్ర పోషిస్తుంది. మధ్యలో సిమ్ కార్డుతో గానీ టవర్‌తో గానీ పని లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలోని క్విక్ షేర్ దాదాపు ఇలాగే నడుస్తుంది.

బ్లూటూత్ ఒక్కటే ఎందుకు చాలదు? అది సెకనుకు సుమారు 2 మెగాబిట్లు మోస్తుంది. ఒక బైటుకు 8 బిట్లు కాబట్టి 300 మెగాబైట్లంటే 2,400 మెగాబిట్లు. అంటే 20 నిమిషాలు పడుతుంది. సెకనుకు 100 మెగాబిట్లు మోసే వైఫై అనుసంధానం అదే పనిని 24 సెకన్లలో ముగిస్తుంది.

రెట్టింపు లెక్క, గాలిలో రద్దీ

పాఠం అందుకున్న ప్రతి విద్యార్థి మరొకరికి పంపితే 1, 2, 4, 8, 16, 32, 64 అంటూ ఆరు విడతల్లో తరగతి అంతటికీ చేరుతుంది. విడతకు 24 సెకన్ల చొప్పున రెండున్నర నిమిషాల లోపే పని పూర్తి కావాలి. కానీ అందరూ ఒకే గదిలో కూర్చుంటే ఇది సాధ్యం కాదు.

రేడియో తరంగాలకు గాలి ఉమ్మడి దారి. ఒకే చానల్ మీద ఇద్దరు ఒకేసారి పంపితే సంకేతాలు కలగాపులగమవుతాయి. అందుకే ప్రతి ఫోనూ ముందు వింటుంది, దారి ఖాళీగా ఉంటేనే పంపుతుంది. సింగిల్ లైన్ మీద ఎదురు బండి దాటేదాకా రైలు స్టేషన్‌లో ఆగినట్టే. 64 మందికీ చేరాలంటే 63 బదిలీలు జరగాలి. అన్నీ ఒకే చానల్‌లో వరుసగా జరిగితే సుమారు 25 నిమిషాలు పడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానిపై ఒకటి పడని చానళ్లు మూడే. ఆ మూడింటినీ వాడుకుంటే పది నిమిషాల్లోపు అవుతుంది. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో చానళ్లు ఎక్కువ కాబట్టి అక్కడ ఇంకా వెసులుబాటు ఉంటుంది.

దూరం కూడా ముఖ్యమే. అడ్డులేని చోట దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. గోడలు, మనుషుల శరీరాల్లోని నీరు మరికొంత శక్తిని మింగేస్తాయి. సంకేతం బలహీనపడితే ఫోన్ వేగం తగ్గించుకుంటుంది. అందువల్ల ఫోన్లను పక్కపక్కన పెట్టి పంపడం వల్ల ఆ ఇద్దరికే కాదు, వరుసలో ఉన్నవారందరికీ సమయం కలిసొస్తుంది.

బస్సెక్కిన డేటా

ఈ ఆలోచన తరగతి గదితో ఆగిపోదు. 2003 ప్రాంతంలో కర్ణాటకలోని దొడ్డబళ్లాపురం పరిసరాల్లో 'డాక్‌నెట్' ప్రయోగం జరిగింది. బస్సుకు అమర్చిన వైఫై పరికరం పల్లెలోని కంప్యూటర్ దగ్గరికి రాగానే సమాచారం అందుకుని, పట్నం చేరాక ఇంటర్నెట్‌కు అప్పగించేది. భద్రపరచుకుని, మోసుకెళ్లి, అవకాశం దొరికినప్పుడు అందించే ఇలాంటి వ్యవస్థలను ఆలస్యాన్ని తట్టుకునే నెట్‌వర్కులు అంటారు. పట్టణంలో పాఠం దించుకుని, ప్యాసింజర్ రైల్లో ఇంటికి వెళ్లి, ఊళ్లోని తమ్ముడి ఫోన్‌కు పంపే విద్యార్థి చేస్తున్నదీ ఇదే పని.

చేరింది అసలు పాఠమేనా?

చేతులు మారేకొద్దీ నమ్మకం ప్రశ్న వస్తుంది. వీడియో మధ్యలో తెగిపోవచ్చు, పాత సిలబస్ నోట్స్ కొత్త పేరుతో తిరగవచ్చు. దీనికి గణితం దగ్గర ఒక విరుగుడు ఉంది. ఫైలులోని బిట్లన్నిటి నుంచీ ఒక చిన్న ముద్రను లెక్కగట్టే పద్ధతిని హ్యాషింగ్ అంటారు. వాటిలో ఒకటైన ఎస్‌హెచ్‌ఏ-256 ఇచ్చే ముద్ర పొడవు 256 బిట్లు. ఫైలులో ఒక్క బిట్ మారినా ముద్ర పూర్తిగా మారిపోతుంది. అధ్యాపకుడు అసలు ముద్రను నోటీసు బోర్డు మీద పెడితే, ఎన్ని చేతులు మారిన ఫైలునైనా సరిచూసుకోవచ్చు.

వాడే యాప్ విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఒకప్పుడు విద్యార్థుల ఫోన్లలో విరివిగా కనిపించిన షేర్‌ఇట్, జెండర్ యాప్‌లు 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌ల జాబితాలో ఉన్నాయి. ఫోన్‌లో ముందే ఉన్న సదుపాయం వాడటం, 'అందరికీ కనిపించు' అన్న అమరికను పని కాగానే ఆపేయడం, ఇతరులు పంపిన యాప్ ఫైళ్లను ఇన్‌స్టాల్ చేయకపోవడం మంచిది. హక్కులున్న పుస్తకాన్ని స్కాన్ చేసి పంచడం వేరు, పంచుకోవడానికి అనుమతి ఉన్న పాఠాన్ని పంచడం వేరు. కివిక్స్ అనే ఉచిత యాప్‌తో తెలుగు వికీపీడియాను ఒకే ఫైలుగా దించుకుని, నెట్ లేకుండా చదవవచ్చు, పక్కవారికీ పంపవచ్చు.

కళాశాల చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. వారం పాఠాలను ఒక్కసారి దించి, ముద్రలతో సహా గ్రంథాలయంలోని ఒక కంప్యూటర్‌లో ఉంచి, స్థానిక వైఫై ద్వారా అందిస్తే చాలు. అక్కడి నుంచి హాస్టల్ గదులకు, రైల్వే కాలనీలకు, పల్లెలకు విద్యార్థుల జేబుల్లోనే చేరుతుంది. డేటా ప్యాక్ లేనివారికి కూడా రేపటి తరగతికి ముందే పాఠం అందుతుంది.