ప్యాడ్లు అరిగాయని సరిపెట్టుకోకండి, ఎందుకు అరిగాయో రాయించుకోండి

ప్రశ్న: నా బండి కొని పది నెలలైంది. ఏడు వేల కిలోమీటర్లు తిరిగింది. ముందు బ్రేకు గరగరమంటుంటే సర్వీసు సెంటరుకు తీసుకెళ్లాను. లోపలి ప్యాడు రేకు దాకా అరిగిపోయిందని, డిస్కు మీద గాట్లు పడ్డాయని రెండు ప్యాడ్లూ, డిస్కూ మార్చి బిల్లు వేశారు. బయటి ప్యాడు సగం కూడా అరగలేదు. వారంటీ ఉంది కదా అంటే ‘ప్యాడ్లు వారంటీలోకి రావండీ’ అన్నారు. నేను ఫుడ్ డెలివరీ చేస్తుంటాను. నాకేదైనా దారి ఉందా?

జవాబు: ఉంది. అయితే వాళ్ల మాటలోనూ కొంత నిజం ఉంది. ప్యాడ్లు, క్లచ్ ప్లేట్లు, టైర్లు వాడకంలో అరిగేవి కాబట్టి వారంటీ పుస్తకంలో సాధారణంగా వాటిని మినహాయిస్తారు. ప్యాడ్లు ఇన్ని వేల కిలోమీటర్లు రావాలని ఏ చట్టమూ చెప్పదు. హైవే మీద నిదానంగా నడిపేవారికి ఇరవై వేలు దాటి వచ్చే ప్యాడ్లే, అడుగడుగునా సిగ్నళ్లున్న ఊళ్లో బరువుతో తిరిగేవారికి, శ్రీశైలం ఘాట్ లాంటి దారుల్లో తరచూ దిగేవారికి అందులో సగానికే అయిపోవచ్చు. అందుకని ‘ఏడు వేలకే అరిగాయి’ అన్న ఒక్క మాట మీద కేసు నిలబడదు.

మీ కేసు నిలబడేది రెండు ప్యాడ్ల అరుగుదలలో ఉన్న తేడా మీద. రెండూ ఒకే డిస్కును అటూ ఇటూ పట్టుకుంటాయి, కాబట్టి ఇంచుమించు సమానంగా అరగాలి. లోపలిది రేకు దాకా పోయి బయటిది సగానికి పైగా మిగిలిందంటే, ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపరు తన పిన్నుల మీద సాఫీగా కదలక పట్టేసిందని అనుమానించాలి. కాలిపరు అరిగే సామాను కాదు. కాబట్టి మీరు అడగాల్సింది ‘కాలిపరు ఎందుకు పట్టేసింది?’ అని. తయారీలోనే తేడా ఉంటే అది వస్తువు లోపం, వారంటీ వర్తించాలి. సర్వీసులో పిన్నులు శుభ్రం చేసి గ్రీజు పెట్టాల్సి ఉండీ పెట్టకుండా, జాబ్ కార్డులో మాత్రం బ్రేకులు చూశామని టిక్కు పెట్టి ఉంటే, అది వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవా లోపం. మీరు సర్వీసులు ఎగ్గొట్టినా, బయట నాసిరకం ప్యాడ్లు వేయించినా అవతలివాళ్లు దాన్నే పట్టుకుంటారు.

ఇప్పుడు అన్నిటికంటే తొందరపడాల్సింది పాత ప్యాడ్ల కోసం. కొత్తవాటికి డబ్బు కట్టింది మీరు కాబట్టి పాతవి మీ సొత్తు. (వారంటీ కింద ఉచితంగా మారిస్తే మాత్రం పాత సామాను సాధారణంగా కంపెనీ తీసుకుంటుంది.) అవి తుక్కులోకి పోకముందే ఈ రోజే వెళ్లి డిస్కుతో సహా అడిగి తెచ్చుకోండి. రెండు ప్యాడ్లనూ పక్కపక్కన పెట్టి, స్కేలు ఆనించి ఫొటో తీయండి. మీటరు రీడింగు ఫొటో కూడా ఉండాలి. జాబ్ కార్డు నకలు తీసుకోండి. ఇకపై ‘జనరల్ చెకప్’ అని రాస్తే ఒప్పుకోకండి. ‘ముందు బ్రేకు గరగర, ఒకవైపే అరుగుదల’ అని మీ మాటల్లోనే రాయించండి. వారంటీ ఇవ్వం అని వాళ్లంటే ఆ కారణాన్నీ కాగితం మీద పెట్టమనండి.

కాలిపరును సరిచేయకపోతే కొత్త ప్యాడ్లకూ అదే గతి పడుతుంది. పైగా లోపం ఉందని తెలిసీ బండి నడపడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190 కింద నేరం. అందుకే ఫొటోలు, కాగితాలు సిద్ధం చేసుకుని కాలిపరును వెంటనే బాగుచేయించండి. కేసు తేలేదాకా ఆగక్కర్లేదు.

డెలివరీ పని చేస్తున్నారు కాబట్టి మీరు వినియోగదారు కారని వాళ్లు వాదించవచ్చు. కానీ సొంతంగా నడుపుకుంటూ కేవలం బతుకుతెరువు కోసం వాడుకునే బండిని వినియోగదారుల రక్షణ చట్టం వాణిజ్య అవసరంగా లెక్కించదు. సెక్షన్ 2(7) వివరణలో ఈ మాట స్పష్టంగా ఉంది. ఆ రక్షణ మీలాంటివాళ్ల కోసమే పెట్టారు, వదులుకోకండి. వారంటీ పుస్తకంలో అద్దె, వాణిజ్య వాడకాల గురించి విడిగా షరతు ఉందేమో మాత్రం చూసుకోండి.

ముందు డీలరుకు, కంపెనీకి స్పీడ్ పోస్టులో లేఖ పంపండి. 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. స్పందన లేకపోతే మీరు ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌కే వెళ్లవచ్చు. గడువు రెండేళ్లు. చెల్లించిన ధర 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. లోపం తేల్చడానికి పరీక్ష అవసరమైతే కమిషన్ ల్యాబుకు పంపిస్తుంది, ఆ రుసుము ముందుగా మీరు కట్టాలి.

కొత్త బండి ఇమ్మని మాత్రం అడగకండి. లోపమున్న భాగం మార్చడమే వారంటీ బాధ్యత అయినప్పుడు మొత్తం వాహనం మార్చమనడం కుదరదని 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాలిపరు రిపేరు, ప్యాడ్లు, డిస్కు, కూలి ఖర్చు, పని పోయిన రోజుల నష్టం, కేసు ఖర్చులు ఒక్కొక్కటిగా లెక్క రాసి, బిల్లులు జతచేసి అడగండి.