చేప ఒళ్లు రాసుకుంటోందా? మందు కొనేముందు పట్టి చూడండి

సంక్రాంతి దాటింది. తెల్లవారుజామున మంచు పడుతున్నా మధ్యాహ్నానికి ఎండ చురుక్కుమంటోంది. కైకలూరు, ముదినేపల్లి, ఆకివీడు ప్రాంతాల్లో మంచినీటి చేపలు పెంచే రైతులకు ఈ రోజుల్లో ఒక దృశ్యం కంటపడుతుంటుంది. శీలావతి మేత సంచి దాకా వస్తుంది, సరిగా తినదు, సంచి కట్టిన వెదురు గెడకు పక్క రాసుకుని వెనక్కి తిరుగుతుంది. కొన్ని ఉన్నట్టుండి ఎగిరి పక్కకు పడతాయి. గట్టు వారన గడ్డిలోకి దూరి ఒళ్లు గీరుకునేవీ ఉంటాయి. అది చూసి పేను పట్టిందనుకుని నేరుగా మందుల షాపుకు వెళ్లడం చాలామందికి అలవాటు. అనుమానం నిజమే కావచ్చు. కానీ చేప రాసుకోవడానికి కారణం పురుగైనా కావచ్చు, నీరైనా కావచ్చు. రెండింటికీ వైద్యం వేరు. నీరు చెడిన చెరువులో పురుగుమందు పోస్తే డబ్బుతోపాటు చేపా పోతుంది.

ఎప్పుడో ఒక చేప ఒకసారి ఒరుసుకుంటే కంగారు అక్కర్లేదు. కొత్త పిల్లలు వదిలిన రోజు, సున్నం చల్లిన రోజు, కొత్త నీరు పెట్టినప్పుడు కాస్త చిరాకు పడటం సహజం. మర్నాటికి సర్దుకుంటే వదిలేయండి. రోజురోజుకూ రాసుకునే చేపలు పెరుగుతున్నా, సంచుల్లో మేత మిగులుతున్నా, ఒంటి మీద ఎర్ర మచ్చలు కనిపించినా ఇక ఆలస్యం చేయకూడదు.

నీటి దోషమా, పురుగా అన్నది గట్టు మీద నిలబడే కొంతవరకు పోల్చుకోవచ్చు. నీరు చెడితే చెరువు మొత్తం దాదాపు ఒకేసారి ఇబ్బంది పడుతుంది. పురుగైతే కొన్ని చేపలతో మొదలై రోజుల మీద పాకుతుంది. తెల్లవారుజామున నోళ్లు పైకి పెట్టి గుటకలు వేస్తూ, పొద్దెక్కాక మామూలైపోతే అది ప్రాణవాయువు లోటు. ఏరేటర్ తిప్పండి, మేత తగ్గించండి. నీరు బాగా పచ్చబడి మధ్యాహ్నం పీహెచ్ 9 దాటుతుంటే అమ్మోనియా విషం ఎక్కువవుతుంది, మొప్పలు మండుతాయి. ఆ స్థితిలో సున్నం చల్లితే పీహెచ్ ఇంకా పెరిగి చేపకు మరింత కీడు. అందుకే ముందు నీటి పరీక్ష చేయించండి.

నీరు బాగానే ఉంటే విసురు వల వేయండి. చెరువులో నాలుగైదు చోట్ల చేపలు పట్టి, తడి చేత్తో పట్టుకుని, రెక్కల మొదళ్లు, తల కింది భాగం, తోక దగ్గర వెతకండి. పేను, అంటే ఆర్గులస్, కంటికి కనిపించే పురుగే. సెంటీమీటరు కంటే చిన్నగా, బల్లపరుపుగా, పొలుసులో కలిసిపోయే రంగులో ఉంటుంది. కదలకపోతే పొలుసే అనుకుంటాం, గోటితో తాకితే జరుగుతుంది. రెండు చూషకాలతో అతుక్కుని, ముల్లు లాంటి నోటితో గుచ్చి, విషపు రసం ఎక్కించి రక్తం పీలుస్తుంది. బొచ్చె కంటే శీలావతికే ఇది ఎక్కువగా పడుతుంది. గుచ్చిన చోట బ్యాక్టీరియా చేరితే ఆ ఎర్ర మచ్చ పుండవుతుంది, పుండున్న సరుకుకు మార్కెట్లో ధర రాదు.

మన రైతులు ఎక్కువగా దెబ్బతినేది పేను గుడ్ల దగ్గర. ఆడపేను చేపను వదిలి ఈదుకుంటూ పోయి రాళ్ల మీద, గెడల మీద, నీటిలో గట్టిగా ఉన్న దేనిమీదైనా వందల గుడ్లు వరుసల్లో అంటిస్తుంది. సంచులతో మేత వేసే మన పద్ధతిలో చెరువు నిండా వెదురు గెడలే. పేనుకు ఇంతకంటే అనువైన చోటు ఏముంటుంది? మందు వేస్తే తిరిగే పేలు చస్తాయి, గుడ్లు చావవు. వెచ్చని నీటిలో రెండు వారాల్లో, చల్లని నీటిలో ఇంకా ఆలస్యంగా అవి పిగులుతాయి. చలి తగ్గే ఈ నెలల్లోనే పేను ఒక్కసారిగా విరుచుకుపడటానికి ఇదొక కారణం. మందు పనిచేయలేదని షాపు మార్చే రైతులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు పెరిగి మళ్లీ గుడ్లు పెట్టేలోపు రెండో విడత మందు పడితేనే వరుస తెగుతుంది.

నా మాటగా చెబుతున్నాను, మందు కంటే ముందు గెడల సంగతి చూడండి. వంతులవారీగా పీకి గట్టు మీద ఎండలో బాగా ఆరబెట్టండి. ఎండితే గుడ్లు చస్తాయి. వెదురు తడికలో, చెక్క పలకలో నీటిలో వేలాడదీసి, గుడ్లు పెట్టించి, పిగిలేలోపే తీసి ఎండబెట్టినా ఫలితం ఉంటుంది. ఖర్చు కూలీ మాత్రమే. పంట తీశాక చెరువు అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండనివ్వడం మానకండి.

మందు తప్పదనుకుంటే లెక్క సరిగా చూసుకోండి. ఎకరా చెరువులో 1 మీటరు లోతు నీరుంటే సుమారు 40 లక్షల లీటర్లు, మీటరున్నర ఉంటే 60 లక్షలు. "ఎకరాకు ఇంత" అని చెప్పే మోతాదు ఈ రెండింటికీ ఒకటే ఎలా అవుతుంది? పేను రొయ్య వర్గానికి చెందిన జీవి. పేనును చంపే మందు చెరువులోని రొయ్యనూ చంపుతుంది, బొచ్చె తినే సూక్ష్మజీవులనూ తుడిచిపెడుతుంది. చేపతోపాటు వనామీ రొయ్య వేసినవారు ఆ మందుల జోలికి వెళ్లవద్దు. మందు వేసిన నీటిని డ్రెయినుకు వదిలితే పక్క రైతు రొయ్యల చెరువు పోతుంది. మబ్బు పట్టిన రోజున, ప్రాణవాయువు తక్కువున్నప్పుడు మందు అసలు వద్దు.

ఒంటి మీద తెల్లని రవ్వ గింజల్లాంటి చుక్కలుంటే అది వేరే జబ్బు. పైకి ఏమీ కనిపించక, మొప్పలు పాలిపోయి జిగురు పట్టి ఉంటే కంటికి ఆనని పురుగులు కావచ్చు, బతికున్న చేపను ల్యాబ్‌కు తీసుకెళ్లి సూక్ష్మదర్శిని కింద చూపించాల్సిందే.

ఇంట్లో గాజుతొట్టి పెట్టుకున్నవారికీ ఇవే గుర్తులు. నీరు మార్చిన వెంటనే చేపలన్నీ గులకరాళ్లకు రాసుకుంటే కుళాయి నీటిలోని క్లోరిన్‌ను అనుమానించండి. కొత్త చేపను కొన్ని వారాలు విడిగా ఉంచాకే మిగతావాటితో కలపండి. తొట్టి నీరు, తొట్టి చేపలు మాత్రం ఎప్పుడూ చెరువులోకో కాలువలోకో వదలకండి.

చేప రాసుకోవడం కనబడిన రోజే వల వేసి చూడండి. దొరికిన పురుగును నీటిసీసాలో వేసుకుని మీ గ్రామ మత్స్య సహాయకుడికి చూపించండి. మందు పేరు, మోతాదు, రెండో విడత తేదీ, మందు వేశాక ఎన్నాళ్లకు చేప పట్టాలన్నది ఆయన చేత కాగితం మీద రాయించుకోండి.