ఓటి ఇల్లు - చలి బిల్లు



కిందటి వార్షికోత్సవానికి మన పూర్వ విద్యార్థి ఒకరు వచ్చారు. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి సాయంతో ఇంగ్లండులో పి.జి. చదివి వచ్చిన అన్న ఆయన. వేదిక మీద మాట్లాడుతూ, "అక్కడ నన్ను భయపెట్టింది పరీక్షలు కాదు తమ్ముళ్ళూ, చలికాలం కరెంటు బిల్లు" అన్నారు. మేమంతా నవ్వాం. ఎండాకాలం ఫ్యాన్లకు, కూలర్లకు బిల్లు రావడం తెలుసు గాని, చలికి బిల్లేమిటి అనుకున్నాం.

రాత్రి భోజనాలయ్యాక వరండాలో కూర్చుని ఆయన మొత్తం చెప్పారు. ఆయన అద్దెకున్నది వందేళ్ళు దాటిన ఇటుక ఇంట్లో ఒక గది. కిటికీ మూసి గడియ పెట్టినా కర్టెన్ కదులుతూనే ఉండేదట. హీటరు వేస్తే మోకాళ్ళకు సెగ, వీపుకు చలి. ఆపేస్తే కాసేపటికే గది మళ్ళీ చల్లబడిపోయేది. "పుస్తకం పట్టుకోవాలంటే చేతికి గ్లవుజు వేసుకోవాలి, పేజీ తిప్పాలంటే తీయాలి" అన్నారు. అప్పుడు మాకు నవ్వు రాలేదు.

అంత ధనిక దేశంలో ఇళ్ళు అలా ఎందుకున్నాయి? బిల్లు అంత ఎందుకు వస్తుంది? ఈ రెండు ప్రశ్నలు పట్టుకుని మేము, అనగా పదవ తరగతి, ఇంటర్ విద్యార్థులం కొందరం, చదివి, లెక్క కట్టి రాసిన పాఠం ఇది.

1. వేడి ఎటు పోతుంది?

వేడి ఎప్పుడూ ఎక్కువ ఉష్ణోగ్రత నుంచి తక్కువ ఉష్ణోగ్రత వైపు పోతుందని, అది ఉష్ణవహనం, ఉష్ణసంవహనం, ఉష్ణవికిరణం అనే మూడు దారుల్లో పోతుందని మనం చదువుకున్నాం. ఇంటికీ ఇదే వర్తిస్తుంది. గోడ, కిటికీ అద్దం, పైకప్పు వేడిని తమ గుండా బయటికి పంపుతాయి. ఇక తలుపు కింద, కిటికీ చుట్టూ, నేల చెక్కల మధ్య ఉండే సందుల్లోంచి వేడిగాలి బయటికి పోయి, ఆ స్థానంలోకి చల్లగాలి వస్తుంది. ఓటికుండలో ఎన్ని నీళ్ళు పోసినా నిలవనట్టే, ఓటి ఇంట్లో ఎంత వేడి పోసినా నిలవదు.

గోడ ఎంత వేడిని వదులుతుందో చెప్పడానికి ఇంజనీర్లు 'యు-విలువ' అనే కొలత వాడతారు. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు, ఒక చదరపు మీటరు గోడ గుండా సెకనుకు ఎన్ని జౌళ్ళు, అనగా ఎన్ని వాట్లు, పోతాయో ఆ సంఖ్యే యు-విలువ. అది ఎంత తక్కువైతే గోడ అంత మంచిది. పాత తొమ్మిది అంగుళాల ఇటుక గోడకు ఇది దాదాపు 2. ఒంటి అద్దం కిటికీకి దాదాపు 5. మంచి ఉష్ణబంధకం వేసిన గోడకు 0.3, కొత్తరకం జంట అద్దాల కిటికీకి 1.4 దాకా తగ్గుతుంది.

2. ఒక గది లెక్క

4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు ఉన్న గది తీసుకుందాం. అందులో పట్టే గాలి 30 ఘనపు మీటర్లు. బయటికి ఆనుకున్న గోడ 10 చదరపు మీటర్లు, కిటికీ 2 చదరపు మీటర్లు. బయట 2 డిగ్రీలు, లోపల 20 డిగ్రీలు కావాలి. తేడా 18. పైకప్పు, నేల, పక్క గదుల సంగతి ప్రస్తుతానికి వదిలేద్దాం.

గోడ: 10 x 2 x 18 = 360 వాట్లు.
కిటికీ: 2 x 5 x 18 = 180 వాట్లు.
గాలి: సందుల వల్ల గంటకు రెండుసార్లు గదిలో గాలి పూర్తిగా మారిందనుకుందాం. అంటే గంటకు 60 ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 1,200 జౌళ్ళు కావాలి. 60 x 1,200 x 18ని గంటలోని 3,600 సెకన్లతో భాగిస్తే 360 వాట్లు.
మొత్తం 900 వాట్లు.

కంటికి కనబడని సందులు గోడంత వేడినీ తినేశాయి చూశారా! పది గంటలు హీటరు నడిస్తే 9 యూనిట్లు. 2024 అక్టోబరు-డిసెంబరు మధ్య బ్రిటన్‌లో కరెంటు యూనిట్ గరిష్ఠ ధర సగటున 24.5 పెన్నీలు. పౌండు 108 రూపాయలు అనుకుంటే ఒక రాత్రికి దాదాపు 240 రూపాయలు, నెలకు 7,000 రూపాయలు. అదీ ఒక్క గదికి!

ఇప్పుడు అదే గదికి గోడ 0.3, కిటికీ 1.4, గాలి మార్పు గంటకు అరసారి అనుకుని లెక్క కట్టండి. 54, 50, 90 కలిపి 194 వాట్లు వస్తాయి. పది గంటలకు రెండు యూనిట్ల లోపే. నెలకు దాదాపు 1,540 రూపాయలు. మనిషి అతనే, చలి అదే, కరెంటు ధర అదే. మారింది ఇల్లు మాత్రమే. అప్పట్లో గ్యాసు యూనిట్ ధర కరెంటులో దాదాపు నాలుగోవంతు కనుక గ్యాసుతో వేడయ్యే ఇళ్ళలో డబ్బు లెక్క తగ్గుతుంది. వేడి వృథా అయ్యే పద్ధతి మాత్రం మారదు.

3. ఆ ఇళ్ళు అలా ఎందుకు కట్టారు?

ఇంగ్లండులో ఐదు ఇళ్ళలో సుమారు ఒకటి 1919కి ముందు కట్టినది. పారిశ్రామిక విప్లవం రోజుల్లో మిల్లు కార్మికుల కోసం వరుసగా, ఒకదాని గోడకు మరొకటి ఆనించి కట్టిన ఇళ్ళు ఇప్పటికీ లక్షల్లో ఉన్నాయి. అప్పుడు బొగ్గు చవక. గదికో పొయ్యి, దానికో పొగగొట్టం ఉండేది. పొయ్యి మండాలంటే గాలి కావాలి కనుక సందులు ఉండటం తప్పుగా తోచలేదు. 1952 డిసెంబరులో లండన్‌ను ముంచిన విషపు పొగమంచు వేలమందిని బలి తీసుకుంది. 1956లో స్వచ్ఛ గాలి చట్టం వచ్చింది. 1965లో ఉత్తర సముద్రంలో గ్యాసు దొరికాక బొగ్గు పొయ్యిలు క్రమంగా పోయాయి. పొయ్యిలు పోయాయి గాని గొట్టాలు, సందులు మిగిలిపోయాయి.

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో, మధ్యలో ఖాళీ వదిలి కట్టే జంట గోడలు వాడుకలోకి వచ్చాయి. అయినా గోడ ఎంత వేడిని వదలవచ్చు అనే హద్దు దేశవ్యాప్త నిబంధనల్లో 1965లో గాని రాలేదు. ఆ హద్దు కూడా 1.7. నేటి కొత్త ఇళ్ళతో పోలిస్తే అది చాలా వదులు.

రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ళ కొరత తీర్చడానికి ఫ్యాక్టరీలో పోతపోసిన కాంక్రీటు పలకలతో అంతస్తుల మీద అంతస్తులు హడావుడిగా లేపారు. లండన్‌లోని రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో 1968 మే 16న గ్యాసు పేలి ఒక మూల మొత్తం కూలి నలుగురు చనిపోయారు. 1986లో ఆ భవనాన్ని విప్పినప్పుడు పలకల కీళ్ళలో గట్టి కాంక్రీటు ఉండవలసిన చోట పాత వార్తాపత్రికలు కూడా బయటపడ్డాయి. పేదవాడి ఇల్లు కట్టేటప్పుడు లెక్క తప్పితే ఫలితం ఎలా ఉంటుందో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

4. బిల్లు ఎవరి మీద పడింది?

బ్రిటన్‌లో సామాన్య కుటుంబం ఏడాది కరెంటు, గ్యాసు ఖర్చు, ప్రభుత్వ నియంత్రణ సంస్థ పెట్టిన ధరల హద్దు ప్రకారం, 2021 అక్టోబరులో 1,277 పౌండ్లు. 2022 ఏప్రిల్‌లో అది 1,971 అయింది. ఉక్రెయిన్ యుద్ధం వల్ల గ్యాసు ధర ఆకాశానికంటి అదే అక్టోబరుకు 3,549 కావలసి ఉండగా, ప్రభుత్వం కల్పించుకుని 2,500 దగ్గర ఆపింది. ఆ చలికాలంలో ఇంట్లో హీటరు వేసుకోలేని వారు కూర్చోవడానికి అనేక ఊళ్ళలో గ్రంథాలయాలు, చర్చిలు వెచ్చని గదులు తెరిచాయి. తిండా, వేడా అని ఎంచుకోవలసి వచ్చిన కుటుంబాలు ఎన్నో.

ఇక్కడ మేము గమనించిన విషయం ఒకటుంది. అద్దె ఇంట్లో గోడ యజమానిది, బిల్లు అద్దెకున్నవాడిది. గోడ బాగుచేస్తే లాభం అద్దెకున్నవాడికి గనుక యజమానికి తొందర ఉండదు. అద్దెకున్నవాడికి గోడ ముట్టుకునే హక్కు లేదు. దీనికి తోడు ముందుగా డబ్బు వేస్తేనే నడిచే మీటర్లు ఎక్కువగా పేదల ఇళ్ళలోనే ఉంటాయి. 2023 జులై దాకా ఆ మీటర్లవారు మిగతావారి కంటే ఎక్కువే చెల్లించారు. డబ్బు అయిపోతే హీటరు ఆగిపోతుంది. ఆ చలిలో ఉన్నవారి సంగతి ఏ బిల్లులోనూ కనబడదు.

బ్రెండా బోర్డ్‌మన్ అనే పరిశోధకురాలు 1991లో ఈ సమస్య మీద పుస్తకం రాశారు. ఇల్లు తగినంత వెచ్చగా ఉంచుకోవడానికి ఆదాయంలో పదోవంతు కంటే ఎక్కువ ఖర్చు పెట్టవలసి వస్తే దాన్ని 'ఇంధన పేదరికం' అనాలన్నారు. జీతం తక్కువ, ధర ఎక్కువ కావడంతో పాటు ఇల్లు చెడ్డది కావడం కూడా దీనికి కారణమని ఆమె వాదన. 2021 నుంచి ఇంగ్లండు అధికారిక నిర్వచనంలో ఇంటి గ్రేడు కూడా చేరింది.

5. తడి గోడ, నల్ల బూజు

చల్లని గ్లాసు బయట నీటి బొట్లు పట్టడం మనం చూస్తాం. మన శ్వాస, వంట, ఆరేసిన బట్టల నుంచి వచ్చే ఆవిరి చల్లని గోడ మీద అలాగే సాంద్రీకరణం చెందుతుంది. తడి గోడ మీద నల్ల బూజు పెరుగుతుంది. ఆ బూజు గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ బాబు 2020 డిసెంబరులో చనిపోయాడు. ఇంట్లోని బూజే కారణమని 2022 నవంబరులో మరణ విచారణాధికారి తేల్చారు. తల్లిదండ్రులు ఎన్నోసార్లు మొరపెట్టుకున్నారు. తప్పు వారి అలవాట్లదే అన్నట్టు మాట్లాడారే గాని బాగుచేయలేదు. ఆ బాబు పేరు మీదనే 'అవాబ్ చట్టం' వచ్చి, 2025 అక్టోబరు 27 నుంచి అమలు మొదలైంది. దాని ప్రకారం సామాజిక గృహాల యజమానులు ఇలాంటి ప్రమాదాలను గడువులోగా సరిచేయాలి. అద్దె ఇంటి గోడను అడిగే హక్కు రావడానికి ఒక పసిప్రాణం పోవలసి వచ్చింది.

6. మందు ఏమిటి?

వరుస ఇలా ఉండాలి. మొదట సందులు మూయాలి. తర్వాత అటక మీద ఉష్ణబంధకం పరవాలి (బ్రిటన్‌లో సాధారణంగా 270 మిల్లీమీటర్ల మందం). ఆపైన గోడలు, కిటికీలు. పెద్ద హీటరు కొనడం చివరి మాట. అయితే గాలి పూర్తిగా బంద్ చేయకూడదు. వంటగదిలో, స్నానాల గదిలో ఆవిరి పోయే దారి ఉంచాలి.

పని చేయడం ఎంత ముఖ్యమో, సరిగా చేయడం అంత ముఖ్యం. రెండు ప్రభుత్వ పథకాల కింద బయటి గోడలకు ఉష్ణబంధకం వేసిన ఇళ్ళలో 98 శాతం ఇళ్ళకు సరిచేయవలసిన లోపాలున్నాయని 2025 అక్టోబరులో బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం చెప్పింది. హడావుడి పాత రోజులతో పోలేదన్నమాట.

మన నుంచి అక్కడికి చదువుకు వెళ్ళేవారికి ఒక మాట. గది తీసుకునే ముందు ఇంటి శక్తి ధ్రువపత్రం చూపమనండి. ఎ నుంచి జి దాకా గ్రేడు ఉంటుంది. ఇంగ్లండు, వేల్సులలో 'ఇ' కంటే తక్కువున్న ఇల్లు మినహాయింపు లేకుండా అద్దెకివ్వకూడదు. అద్దెలో బిల్లులు కలిసి ఉన్నాయా, మీటరు ఏ రకం అన్నవి అడగండి. గోడ మూలల్లో నల్ల మచ్చలు చూడండి. తక్కువ అద్దె అని సంబరపడితే మిగిలిన డబ్బు హీటరు తినేస్తుంది.

7. మన హాస్టల్లో ఒక పరీక్ష

చదివింది నిజమో కాదో చూద్దామని డిసెంబరులో ఒక తెల్లవారుజామున మా హాలులో అగరుబత్తి వెలిగించి కిటికీ కిటికీకీ తిరిగాం. ఆరు కిటికీల్లో రెండింటి దగ్గర పొగ అడ్డంగా కొట్టుకుపోయింది. ఒకదానికి రెక్క సరిగా మూసుకోదు, ఇంకొకదానికి అద్దం లేక అట్టముక్క ఉంది. తలుపు కింద కూడా అంతే. బయట 13 డిగ్రీలు ఉన్నప్పుడు లోపల 17. ఆ రెండు కిటికీల సందుల్లో పాత బట్టలు కుక్కి, తలుపు కింద గోనెసంచి మడిచి పెట్టాక, అలాంటి చలే ఉన్న మరో తెల్లవారి లోపల 19 చూపింది. ముప్పై మందిమి పడుకుంటాం గనుక పైన వెంటిలేటర్లు మూయలేదు.

చిన్నపిల్లలు ఆ కిటికీల కిందే పడుకునేవారు. దగ్గు వస్తే "దుప్పటి సరిగా కప్పుకోలేదు" అని మేమే కసురుకునేవాళ్ళం. అగరుబత్తి పొగ చూశాక మా మాట మాకే తప్పనిపించింది. ఏ కిటికీకి ఏం కావాలో వివరంగా రాసి, కొలతలు జతచేసి వార్డెన్ సార్‌కు అర్జీ ఇచ్చాం. ఒక కిటికీ రెక్క బాగైంది, రెండోదానికి అద్దం రావలసి ఉంది. మళ్ళీ అడుగుతాం.

ముగింపు

బాబాసాహెబ్ అంబేద్కర్ 1921-22లో లండన్ కింగ్ హెన్రీస్ రోడ్డులో 10వ నంబరు ఇంట్లో ఉండి చదువుకున్నారు. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం ఆ ఇల్లు కొని స్మారకంగా మార్చింది. ఆ ఊరికి మన హాస్టళ్ళ నుంచి పిల్లలు వెళుతున్న రోజులివి. వెళ్ళినా, ఇక్కడే ఉన్నా ఈ పాఠం ఒకటే. చలికి ఓర్చుకోవడం గొప్ప కాదు. ఇల్లు ఎక్కడ కారుతోందో కొలిచి చూపి, బాగుచేయవలసిన వారిని అడగడం చదువుకున్నవాడి పని. ఈ డిసెంబరులో మీ హాలులో కూడా ఒక అగరుబత్తి వెలిగించి చూడండి. పొగ ఎటు పోయిందో వచ్చే సంచికకు రాసి పంపండి.