ఫ్రేము బయట ఏముంది? (సందేహాలు – సమాధానాలు)

ప్రశ్న: మా ఇంట్లో పెద్దవాళ్ళు వాట్సాప్‌లో వచ్చిన ప్రతి వీడియోనూ నమ్ముతారు. కాదంటే "కళ్ళారా కనిపిస్తుంటే అబద్ధమంటావేం?" అని కోప్పడతారు. ఎలా నచ్చజెప్పాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వాళ్ళ మాటలో న్యాయం ఉందమ్మా. ఆ వీడియోల్లో కనిపించేది చాలాసార్లు నిజంగా కెమెరా ముందు జరిగిందే. అందుకే ‘ఫేక్’ అని కొట్టిపారేస్తే వినరు. దానికి బదులు 2018 నాటి సంగతి చెప్పండి.

సందులో పిల్లలు ఆడుకుంటుంటారు. బైకు మీద ఇద్దరు వచ్చి ఒక పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. దేశమంతా తిరిగిన ఈ వీడియో తీసింది కరాచీలో. పిల్లల భద్రత గురించి తల్లిదండ్రులను హెచ్చరించడానికి ఒక స్వచ్ఛంద సంస్థ తీయించిన చిన్న ప్రచార చిత్రమది. ఆ ఇద్దరూ మరుక్షణమే వెనక్కి వచ్చి పిల్లవాణ్ణి దించేసి, కరాచీ వీధుల్లో పిల్లల్ని ఎత్తుకుపోవడానికి ఒక్క క్షణం చాలునని రాసిన అట్ట చూపిస్తారు. మన ఫోన్లకు చేరేసరికి ఆ చివరి ముక్క లేదు. ఎవరో కత్తిరించారు. అబద్ధం చెప్పడానికి అంతకుమించి ఏమీ చేయాల్సిన అవసరం రాలేదు.

ఆ ఏడాది పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న పుకారు మన పల్లెల్లోనూ పాకింది. జులైలో బీదర్ జిల్లాలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారని అనుమానించి, హైదరాబాద్ నుంచి వెళ్ళిన వాళ్ళ మీద జనం పడ్డారు. ఒక యువ ఇంజనీరు ప్రాణం పోయింది. ఆ నెలలోనే మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి 5 చాట్లకు మించి పంపడానికి వీల్లేకుండా చేస్తామని వాట్సాప్ ప్రకటించింది. జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసులు కానిస్టేబుళ్ళను ఊరూరా పంపి, జానపద కళాకారులతో పాటలు పాడించి పుకార్లను అడ్డుకున్నారు. నాకు ఆ పనే ఎక్కువ నచ్చింది. ఎక్కడో ఉన్న కంపెనీ పెట్టే పరిమితికన్నా, తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని చెప్పే మాటకు బలం ఎక్కువ.

మీ ఇంట్లో ఆ మనిషి మీరే. వీడియో అబద్ధమని మొదలుపెట్టకండి. ఇది ఏ ఊరు? ఎప్పటిది? ఎవరు తీశారు? మొదలెక్కడ, చివరెక్కడ? అని వాళ్ళతోపాటు మీరూ వెతకండి.

ప్రశ్న: ఏఐ బొమ్మల్లో వేళ్ళు లెక్కపెడితే దొరికిపోతాయంటారు. నిజమేనా సార్?
– డిగ్రీ విద్యార్థి, కాకినాడ

జవాబు: ఒకప్పుడు దొరికేవి బాబూ. 2023 మార్చిలో పోప్ ఫ్రాన్సిస్ తెల్లటి పఫర్ జాకెట్ వేసుకున్నట్టు వచ్చిన బొమ్మలో చేతి దగ్గర రూపం చెదిరింది. అయినా ఎంతోమంది నమ్మారు. ఇప్పుడు ఆ లోపాలూ తగ్గిపోతున్నాయి. వేళ్ళు అయిదూ ఉన్నాయి కాబట్టి నిజమే అనుకుంటే ఇంకా ప్రమాదం.

అదే ఏడాది నవంబరులో రష్మిక మందన్న పేరుతో తిరిగిన లిఫ్టు వీడియో గుర్తుందా? అందులో శరీరం, కదలిక, లిఫ్టు అన్నీ అసలువే. జారా పటేల్ అనే ఆమె అంతకుముందు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్న వీడియోకి ముఖం ఒక్కటే మార్చారు. మొదటి క్షణంలో ఆమె సొంత ముఖం కనిపించి, ఆ వెంటనే మారిపోతుంది. నిందితుణ్ణి ఢిల్లీ పోలీసులు 2024 జనవరిలో గుంటూరు జిల్లా నుంచే పట్టుకెళ్ళారు. ఫ్యాన్ పేజీకి ఫాలోయర్లను పెంచుకోవడానికి చేశాడని వాళ్ళు చెప్పారు. ఇద్దరు స్త్రీల పరువుకు అతను కట్టిన వెల అది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కాబట్టి బొమ్మలో లోపాల కోసం కాదు, దాని పుట్టుక కోసం వెతుకు. వీడియో ఆపి స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో పెడితే పాత ప్రతులు దొరకొచ్చు. అన్నిటికన్నా పాతదాని కింద ఏం రాసి ఉందో చదువు. అన్నీ ఏఐయే అనుకోవడమూ మంచిది కాదు. నిజంగా తప్పుచేసి కెమెరాకు చిక్కినవాడు "అది నేను కాదు, ఏఐ" అని తప్పించుకోవడానికి మన అపనమ్మకమే దారి చూపిస్తుంది.

ప్రశ్న: ఒకే సభ. ఒక చానల్లో ఇసకేస్తే రాలనంత జనం, ఇంకో చానల్లో పలచగా. ఎవరిది అబద్ధం?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఇద్దరూ ఉన్నదే తీసి ఉండొచ్చు. దూరంగా నిలబడి టెలిఫొటో లెన్సుతో తీస్తే ముందు వరసకూ వెనక వరసకూ మధ్య ఎడం నలిగిపోయి అందరూ ఒకరి మీద ఒకరు పడుతున్నట్టు కనిపిస్తారు. వైడ్ లెన్సుతోనో, పైనుంచో తీస్తే ఖాళీలు బయటపడతాయి. 2020 ఏప్రిల్‌లో, కరోనా రోజుల్లో, డెన్మార్క్ ఫొటోగ్రాఫర్లు ఒకే చోట క్యూలను రెండు రకాలుగానూ తీసి చూపించారు. ఒకదాంట్లో జనం తోసుకుంటున్నట్టున్నారు, రెండోదాంట్లో బుద్ధిగా ఎడం పాటిస్తున్నారు. జనాన్ని లెక్కించాలంటే మైదానమంతా పట్టే ఫొటో చూడండి, అది ఏ గంటకు తీశారో అడగండి.

ప్రశ్న: మా బడిలో పిల్లలకు ఫొటో చదవడం నేర్పాలని ఉంది. డ్రాయింగ్ మాస్టారు కూడా లేరు. ఎక్కడ మొదలుపెట్టను?
– ఉపాధ్యాయుడు, జగిత్యాల జిల్లా

జవాబు: బొమ్మ గీయడం రానక్కర్లేదు మాస్టారూ. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠాణీలు కోసే కూలీల మకాంలో డొరోతియా లాంగ్ తీసిన తల్లీపిల్లల ఫొటో ఒకటుంది. దానితో మొదలుపెట్టండి. ఏమీ చెప్పకుండా ముందు చూపించండి. బోర్డు మీద రెండు వరసలు గీసి, కనిపిస్తున్నవి ఒకవైపు, మనం అనుకుంటున్నవి రెండోవైపు రాయించండి. "చెంప మీద చెయ్యి" మొదటి వరస. "భర్త చనిపోయాడు" రెండోది. పిల్లలు ఈ రెండింటినీ తప్పకుండా కలిపేస్తారు. అక్కడ తొందరపడకండి, అసలు పాఠం అదే.

ఆ తర్వాత, అదే రోజు ఆమె తీసిన మిగతా ఫొటోలు చూపించండి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. వాటిలో గుడారం, చుట్టూ నేల కనిపిస్తాయి. కెమెరా దగ్గరయ్యేకొద్దీ ఏమేం పక్కకు పోయాయో పిల్లలే చెబుతారు. ఆకలికి కారు టైర్లు అమ్ముకున్నారని లాంగ్ రాశారు. అమ్మడానికి తమ దగ్గర టైర్లే లేవని ఆ కుటుంబం తర్వాత చెప్పింది. ఆ తల్లి పేరు ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని 1978 దాకా లోకానికి తెలియదు.

మర్నాటి నుంచి దినపత్రిక జిల్లా పేజీ చాలు. ఫొటో కింది వ్యాఖ్య మీద కాగితం అంటించి, వ్యాఖ్య పిల్లల్నే రాయమనండి. తర్వాత కాగితం తీసి చదివించండి.