చంకలో బిళ్ళ, ఛాతీలో గ్రంథులు

కాలికి ముల్లు దిగితే గజ్జలో, చేతికి గాయమైతే చంకలో బిళ్ళ కడుతుందని తెలుగు ఇళ్ళలో పెద్దలు చెబుతారు. ఆ మాట శరీరశాస్త్రానికి సమ్మతమైనదే. గాయానికీ బిళ్ళకూ మధ్య మూరెడు దూరమున్నా, రెండింటినీ కలిపే సన్నని నాళాలు చర్మం కిందుగా సాగుతుంటాయి.

రక్తనాళాల నుండి కణజాలంలోకి ఊరే ద్రవంలో కొంతభాగం నేరుగా వెనక్కి చేరదు. ఆ మిగిలిన ద్రవమే శోషరసం, అనగా లింఫ్. దానిని నాళాలు సేకరించి మెడ మొదట్లోని పెద్ద సిరలలో కలుపుతాయి. రక్తానికి గుండె ఉన్నట్లు దీనికి ప్రత్యేక యంత్రమేదీ లేదు. నాళాల సంకోచం, కండరాల కదలిక, ఉచ్ఛ్వాస నిశ్వాసాలే దానిని నడిపిస్తాయి. దారి పొడవునా చిక్కుడుగింజ ఆకారంలో ఉండే గ్రంథులు ఆ రసాన్ని వడగట్టి, సూక్ష్మజీవులను ఎదుర్కొంటాయి. అప్పుడు ఉబ్బిన గ్రంథియే మనం బిళ్ళ అనేది.

బెంగళూరు ఆసుపత్రులలోని కన్నడ పత్రాలలో వీటిని 'దుగ్ధరస గ్రంథి' అని వ్రాస్తారు. 'దుగ్ధ' అన్న మాట చూసి ఇది చనుబాలకు సంబంధించినదని తెలుగువారు భ్రమపడే అవకాశం ఉంది. ఈ గ్రంథులు స్త్రీలకూ పురుషులకూ సమానంగా ఉంటాయి. పాలతో వీటికి సంబంధం లేదు.

ఒక్కొక్క చంకలో సుమారు 20 నుండి 30 గ్రంథులుంటాయి. చేతి నుండి, ఛాతీ గోడ నుండి, వీపు పైభాగం నుండి వచ్చే శోషరసం వీటికే చేరుతుంది. రొమ్ములోని శోషరసంలో ముప్పాతిక భాగానికి పైగా ఇక్కడికే వస్తుంది. మిగిలినదానిలో అధికభాగం రొమ్ము ఎముక ప్రక్కనున్న లోపలి గ్రంథులకు పోతుంది. ఊపిరితిత్తుల నడుమ మరికొన్ని గ్రంథులున్నాయి. ఛాతీలోపలివి వేళ్ళకు అందవు. వాటి వాపు ఎక్స్‌రేలోనో స్కానింగ్‌లోనో మాత్రమే తెలుస్తుంది.

చంకలో బిళ్ళకు అతి సామాన్య కారణాలు చేతి పుండ్లు, గోరుచుట్టు, క్షౌరపు గాట్లు. సిమెంటు పనిలోనూ అంట్లు తోమే పనిలోనూ పగిలిన చేతులవారికి ఇది తరచుగా కనబడుతుంది. గాయం మానిన కొద్ది వారాలలో బిళ్ళ తగ్గుతుంది. శిశువుకు ఎడమ భుజాన బి.సి.జి. టీకా వేసిన కొన్ని వారాలకు ఆ వైపు చంకలో చిన్న బిళ్ళ రావచ్చు. సాధారణంగా అదే పోతుంది. పెరిగినా, మెత్తబడినా వైద్యునికి చూపాలి. వాతలు పెట్టడం, పిసకడం, ఇంట్లో కోయడం ఎన్నడూ తగదు.

నొప్పి లేదు కనుక ప్రమాదం లేదనుకోవడమే అసలు పొరపాటు. గట్టిగా, కదలకుండా, నొప్పిలేకుండా ఉండి రెండు వారాలు దాటినా తగ్గని బిళ్ళను తప్పక పరీక్షింపజేయాలి. క్షయలోనూ, రొమ్ము క్యాన్సర్‌లోనూ, లింఫోమాలోనూ గ్రంథులు అలా ఉబ్బవచ్చు. చూసుకునేటప్పుడు చేతిని పైకెత్తరాదు. చర్మం బిగుసుకొని బిళ్ళ చేతికి తగలదు. చేతిని వదులుగా ప్రక్కకు వాల్చి, రెండవ చేతి వేళ్ళను చంక లోతుకు పోనిచ్చి, పక్కటెముకల మీదికి మెల్లగా నొక్కి చూడాలి. వైద్యులు సన్నని సూదితో కొద్ది కణాలు తీసి పరీక్షిస్తారు. సూది గుచ్చితే రోగం ఒళ్ళంతా ప్రాకుతుందని వెనుదీయనక్కరలేదు.

రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సలో ఒకప్పుడు చంకలోని గ్రంథులను చాలావరకు తీసివేసేవారు. దానివల్ల శోషరసం దారి తెగి, కొందరికి చెయ్యి శాశ్వతంగా వాచేది. ఇప్పుడు రోగం తొలిదశలో ఉన్నవారికి రంగుద్రవంతోనో, స్వల్ప రేడియోధార్మిక ద్రవ్యంతోనో శోషరసం మొట్టమొదట చేరే గ్రంథిని గుర్తించి, దానినే తీసి పరీక్షిస్తారు. అందులో రోగం లేకుంటే మిగిలినవాటిని తాకరు. అన్నీ తీయవలసి వచ్చినవారు ఆ చేతికి కాలిన గాయాలు, కోతలు కాకుండా చూసుకోవాలి. వైద్యులు చెప్పిన వ్యాయామం మానరాదు.

నమ్మ క్లినిక్‌లలో ప్రాథమిక పరీక్ష ఉచితం. 30 ఏళ్ళు దాటిన స్త్రీలకు రొమ్ము పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమంలో భాగం. క్షయ అని తేలితే ప్రభుత్వ కేంద్రాలలో మందులు ఉచితమే కాక, చికిత్సాకాలంలో పోషకాహారానికి నెలకు 1000 రూపాయలు రోగి బ్యాంకు ఖాతాలో జమ చేస్తారు.